నాయన కొప్పు

మా ఇంట్లో ద్రౌపది మీసం గొరుక్కునేది.
గడపమీద గొంతుక్కూర్చుని
పగిలిన అద్దంముక్క మోకాళ్ళ మధ్య ఇరికించుకుని
అర్దళం నూరతా
"దేశమ్మా, నా పైట పిన్నీసు యాడ పెట్నావే?"
అని వీధంతా వినపడేట్టు అరిచేది.
మా నాయన మునికన్నయ్య.

పెనుమూరు పక్కన ధర్మరాజుల గుడికాడ
ఏడాదికి పద్దెనిమిది దినాలు మేము రాజులం.
మిగతా దినాలు చెరుకు నరికే కూలోళ్ళం,
బెల్లప్పెనం కాడ పొయ్యి ఎగేసేవోళ్ళం.
తాత చెంగల్రాయుడు అర్జునుడు.
తపస్సుమాను నడినెత్తికి ఎగబాకి
ఒక్కో పద్యానికి ఒక్కో నిమ్మకాయ విసిరేవాడంట.
బిడ్డలు లేని ఆడోళ్ళు తడిచీరలతో
మాను చుట్టూ సాగిలబడి ఉంటే
అందులో మా అవ్వ కూడా ఒకతి.
"మొగుడు విసిరిన కాయ
ఇంగొకత్తె కొంగులో పడనిస్తానా?
ఒక్క దూకు దూకి పట్నా.
ఆ కాయే మీ నాయన."

ఒక ఎండాకాలం
తలకోనలో షూటింగు అని మద్రాసు కారొకటి వచ్చింది.
నాయనకు గుబురుమీసం అంటించినారు,
చేతికి కర్ర ఇచ్చినారు.
రెండు దినాలు, నూటాయాభై రూపాయలు, నాలుగు మాటలు.
ఆ నాలుగు మాటలూ
పెనం కాడ, బాయి కాడ, నిద్రలో కూడా
ఎన్ని తీర్లుగా అన్నాడో
మా ఊరి కుక్కలకు కూడా నోటికొచ్చేసినాయి.

బొమ్మ చిత్తూరుకొచ్చింది.
రెండు ట్రాక్టర్లు, మూటెడు చెనక్కాయలు,
అవ్వ ఒళ్ళో నేను.
తెరమీద నాయన నోరు తెరిచినాడు.
లోపల్నించి ఎవుడో
పప్పులో నెయ్యి పోసినట్టు
నున్నగా మాట్లాడినాడు.
"నోరు మావోడిదే,
పలికేదెవుడ్రా?" అనింది అవ్వ, గట్టిగా.
హాలంతా నవ్వింది.
తిరిగొచ్చే దోవలో ఎవురూ చెనక్కాయలు ఒలవలేదు.
ఊరి మలుపు కాడ నాయన ఒకే మాటన్నాడు:
"లైటు మాత్రం బాగా పడింది."

నేనూ పోయినా.
నా నాటికి మద్రాసు హైదరాబాదయింది.
సీరియల్లో ఇరవైరెండు సార్లు నర్సును,
రెండు సార్లు శవాన్ని.
శవానికి డబ్బింగు అక్కర్లేదు కాబట్టి
ఆ రెండు దినాలూ ముఖం, గమ్మునుండడం
రెండూ నావే.

మొన్న మాఘంలో ఫోను.
హీరోగారికి చిత్తూరు యాస నేర్పాలంట.
ఏసీ బండి, గాజుగ్లాసులో పళ్ళరసం.
"ఉండాది అనండి సార్."
"ఉండాది."
"అట్ల కాదు సార్, ఇంట్లో బియ్యం అయిపోయినాయి,
అడిగేవోడు వాకిట్లో నిలబడినాడు,
అప్పుడు అనండి."
మూడో దినానికి ఆ పిల్లోడు
కాలుమీద కాలేసుకుని, సెల్లు చూసుకుంటా
"యాడ పెట్నావే?" అన్నాడు.
అచ్చం నాయన.
నేను బండి దిగి
జనరేటరు వెనక చానాసేపు నిలబడినా.
వాళ్ళిచ్చిన దుడ్డు
నాయన ఆడిన భారతాలన్నీ కూడినా రాదు.
అది తీసుకున్నా. ఎందుకు తీసుకోను?

పద్దెనిమిదోనాటి తెల్లారికి ఊరు చేరినా.
మట్టి దుర్యోధనుడు బయలంతా పడుకోనున్నాడు,
తొడలో కుంకుమనీళ్ళ కుండ దాచుకుని.
నాయనకు అరవై ఎనిమిది.
మూడు నెలలు పెంచిన జుట్టు పిడికెడు కూడా లేదు.
నా మేకప్పు పెట్టెలో సవరం తీసి కట్టినా.
"సినిమా ఎంటిక" అని తడిమి చూసుకున్నాడు.

భీముడు గద దించినాడు. కుండ పగిలింది.
జనం కేక.
ద్రౌపది ఆ ఎరుపులో చేతులు ముంచి
జుట్టుకు పూసుకుని
కొప్పు ముడేసుకోవాలి.
నాయన చేతులు భుజం దాకా లేచి ఆగిపోయినాయి.
మళ్ళీ ఎత్తినాడు. ఆగిపోయినాయి.
మద్దెలాయన అదే దరువు
తిప్పి తిప్పి వాయిస్తా ఉండాడు.

ఆటలోకి ఆడది అడుగు పెట్టకూడదు మా ఊర్లో.
చెప్పులు ఎక్కడ విడిచినానో తెలీదు.
వెనక నిలబడి
తడిజుట్టు చుట్టి కొప్పు ముడేస్తా ఉంటే
ముఖవీణ ఒక ఊపిరి తప్పింది, అంతే.

ఆ గోలలో నాయన తల తిప్పకుండా
నాకు మాత్రమే వినపడేట్టు అడిగినాడు:
"ఈ సినిమాలో గొంతు
నీదే పెట్టినారా, పాపా?"

నా పండ్ల మధ్య పిన్నీసు ఉండాది.